క్రాసు అరిగిందంటే బండి ఆపాల్సిందే

కురవి మండలంలో నాట్లు మొదలైతే రోటవేటర్‌కు తీరిక ఉండదు. పీటీవో షాఫ్ట్ క్రాసు టకటకమంటున్నా "ఈ మడి అయినంక చూద్దాం తియ్" అంటాం. ఆ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. క్రాసు విరిగితే దెబ్బ తగిలేది పక్కనున్న మనిషికే. పైనుండే ప్లాస్టిక్ తొడుగునూ మనమే పీకేశాం; తువ్వాల కొస చిక్కితే చాలు.

ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, షాఫ్ట్‌ను చేత్తో ఊపి చూడండి. లూజు ఉన్నా, కప్పుల దగ్గర తుప్పు పొడి కనబడినా క్రాసు పోయినట్టే. ఒక్క కప్పు మార్చి సరిపెట్టొద్దు, సెట్టు మొత్తం మార్చాలి. సుత్తెతో వంకరగా దిగ్గొడితే లోపలి సూది బేరింగులు పక్కకు పడిపోతాయి. సర్‌క్లిప్‌లు గాడిలో కూర్చున్నాకే గ్రీజు కొట్టాలి.

గంటల లెక్కన కిరాయి తీసుకునే యజమాని ఈ ఖర్చును డ్రైవర్ జీతంలో కోయడం అన్యాయం. అరిగిన షాఫ్ట్‌తో దున్ననన్న డ్రైవర్ వెనుక సంఘం నిలబడాలి.