ఒక్కరు నోరు విప్పితే చాలు

ఇంట్లో తెలుగే మాట్లాడే ఇద్దరు హోసూరు బస్సులో పక్కపక్కనే కూర్చుని తమిళంలో పలకరించుకోవడం వింతేమీ కాదు. అవతలివాళ్లు ఏమనుకుంటారోనని ఇవతలివాళ్లు, ఇవతలివాళ్లను చూసి అవతలివాళ్లు! దీన్ని భాషాభిమానం లేకపోవడంగా తిట్టిపోస్తే సరిపోదు.

మనిషి ఒంటరిగా ఒకలా, గుంపులో మరోలా ఎందుకుంటాడో సామాజిక మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ ఓ ప్రయోగం చేశారు. గీతల పొడవు పోల్చి చెప్పడమే పని. ముందే కూడబలుక్కున్నవాళ్లు కావాలనే తప్పు చెప్పారు. సంగతి తెలియని వ్యక్తి నిజం కళ్లెదుటే ఉన్నా సుమారు మూడో వంతు సార్లు వాళ్లకే వంత పాడాడు. అయితే గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

సరిహద్దు తెలుగువాళ్లకు కావాల్సింది ఆ ఒక్కరే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళనాడు బడుల్లో తెలుగుకు చోటు తగ్గిన మాట నిజం. ఆ పోరాటం వేరు. బస్సులో, అంగట్లో, పెళ్లి పందిట్లో తెలుగు వద్దని ఏ చట్టమూ అనలేదు. అక్కడ నోరు కట్టేస్తున్నది మొహమాటమే.

తమిళం, కన్నడం, ఒడియా బాగా నేర్వాల్సిందే. అవి అన్నం పెట్టే భాషలు. అందుకోసం ఇంటి మాటను దాచుకోనక్కర్లేదు. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా ముందు ఒక్కరు ‘బాగున్నారా?’ అనాలి. పక్కవాళ్లు వాళ్లంతట వాళ్లే అందుకుంటారు.