గగన పరీక్షలకు కట్టుబాట్లు

మామిడికాయలు తూకమునకు వచ్చిన దినమున రైతు మొదట చూచునది కాటా ముద్ర. కొనువాడు తన కాటాకు తానే ముద్ర వేసికొనుట న్యాయమని చింతలపూడి మొదలు నూజివీడు వఱకు ఏ తోటవాడును ఒప్పుకొనడు. కాయల తూకమునందింత పట్టుదల చూపు మనము, మన బిడ్డలను మోసికొనిపోవు విమానముల విషయమున ఉదాసీనులమై యుండుట తగునా? ఉపగ్రహముల సంజ్ఞల ననుసరించి విమానములను భూమికి దింపు నూతన విధానము మన దేశమున పరీక్షాదశనుండి వాడుకలోనికి వచ్చుచున్నది. ఈ పరీక్షల నెవరు జరుపవలెను, ఎవరు తీర్పు చెప్పవలెను, వాని ఫలిత మెవరికి తెలియవలెను అను ప్రశ్నలు నిపుణులకే వదలివేయదగినవి కావని మా యభిప్రాయము.

‘గగన్’ అను నీ వ్యవస్థను ఇస్రోయు, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కలసి సుమారు 774 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించినవి. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహముల సంజ్ఞలు భూమిని చేరులోపల అయనావరణమున ఆలస్యమగును. మన దేశము అయస్కాంత భూమధ్యరేఖకు చేరువ నుండుటచే ఈ యాలస్యము ఉత్తరదేశములందుకంటె హెచ్చుగను, చంచలముగను ఉండును. దేశమంతట నెలకొల్పిన 15 కేంద్రము లీ తప్పును ఎడతెగక కొలుచును. ఆ కొలతలనుబట్టి కూర్చిన సవరణలు జీశాట్-8, జీశాట్-10 మొదలగు మన ఉపగ్రహముల ద్వారా విమానములకు చేరును. సంజ్ఞ నమ్మదగినది కానప్పుడు ఆ మాటను గూడ సెకనులలో చోదకునకు తెలియజేయుట యిందలి ముఖ్యగుణము. 2013 డిసెంబరున మార్గనిర్దేశమునకును, 2015 ఏప్రిలున దిగువేళ నిలువు మార్గమును చూపుటకును పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ అనుమతి నొసగెను. విజయనగరమునకు చెందిన అశోక గజపతిరాజుగారు ఆ శాఖామాత్యులుగా నున్న కాలముననే, 2015 జూలైలో, ఇది జాతికి అంకితమయ్యెను.

2022 ఏప్రిల్ 28వ తేదీన రాజస్థానములోని కిషన్‌గఢ్ విమానాశ్రయమున ఇండిగో సంస్థవారి ఏ.టి.ఆర్. విమాన మీ విధానముననుసరించి దిగెను. డైరెక్టరేటు అధికారులు విమానముననే యుండి పరీక్షను చూచిరి. అమెరికాలో 2003లోను, ఐరోపాలో 2011లోను వాడుకలోనికి వచ్చిన విద్య మనవారి చేతికిని వచ్చుట గర్వకారణమే. పరీక్షించు పద్ధతియు ఇట్లే యుండవలెను.

దీనివలన లాభము నిజమైనది. ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమునకు రన్‌వే చెంత పరికరములు, చదునైన నేల, ఎడతెగని మరమ్మతులు కావలెను. చిన్న విమానాశ్రయములకది బరువు. గగన్‌కు ప్రతిచోట అట్టి పరికరములక్కఱలేదు. అయినను అతిశయోక్తులు వలదు. శీతకాలమున గన్నవరముపై మంచు కమ్మిన ఉదయములందు విమానములు చుట్లు తిరుగుటయు, హైదరాబాదుకు మరలిపోవుటయు మనవారెఱుగనివి కావు. గగన్ వచ్చినంతమాత్రమున ఆ మంచు విడిపోదు. సుమారు 250 అడుగుల ఎత్తున చోదకునకు రన్‌వే కానరానిచో మరల పైకి లేవవలసినదే. 2010లో మంగుళూరునను, 2020లో కోళికోడునను జరిగిన ఘోరములందు విచారణకర్తలు ప్రధానముగా నెత్తిచూపినది చోదకులు నియమములు పాటింపకుండుటను. మానవుని క్రమశిక్షణకు ప్రత్యామ్నాయమగు యంత్రము లేదు.

ఇంతకన్న పెద్ద యపాయము మఱియొకటి కలదు. ఉపగ్రహ సంజ్ఞ మిక్కిలి బలహీనమైనది. దానిని అణచివేయవచ్చును, దొంగసంజ్ఞలతో విమానమును మోసగింపవచ్చును. 2025 నవంబరున ఢిల్లీలో 10వ రన్‌వేకు ఉపగ్రహాధారమున దిగవచ్చిన కొన్ని విమానముల కిట్టి మోసము తగిలినట్లు ప్రభుత్వమే పార్లమెంటున నంగీకరించినది. భూమిపై సాంప్రదాయిక పరికరములు పనిచేయుచున్న రన్‌వేలకు అంతరాయము కలుగలేదని గూడ అదే సమాధానమున చెప్పినది. ఇంతకన్న స్పష్టమైన పాఠ మేమి కావలెను? క్రొత్తది వచ్చినదని పాతదానిని పెఱికివేయరాదు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: విధానమునకు పూర్తి యనుమతి లభించువఱకు ఏ పరీక్షయు ప్రయాణికులతో జరుగరాదు, స్వతంత్రాధికారి విమానమున లేక జరుగరాదు. రెండవది: ప్రతి పరీక్షాఫలితమును, విఫలమైనదానిని ముందుగా, ప్రజలకు ప్రకటింపవలెను. మూడవది: ఉపగ్రహవిధానమునకు సిద్ధపఱచిన ప్రతి ప్రధాన విమానాశ్రయమున భూపరికరముల నొక మార్గముగా నిలిపియుంచవలెను. నాలుగవది: సంజ్ఞ దెబ్బతిన్నప్పుడు ఏమి చేయవలెనో ప్రతి చోదకునకును అభ్యాసయంత్రముపై నేర్పిన పిమ్మటనే అనుమతి నీయవలెను.

కట్టుబాట్లు హెచ్చినచో పరీక్షలే నిలిచిపోవునని, పరికరముల ఖర్చు తమ నెత్తిన పడునని విమాన సంస్థలనవచ్చును. ఖర్చు మాట నిజమే. 2019 జనవరి 1 నుండి నమోదగు ప్రతి విమానమును గగన్‌కు అనుకూలముగా నుండవలెనని 2016 విధానపత్రమున వ్రాసియు ప్రభుత్వము గడువును పొడిగించినది. ఈ యూగిసలాటకన్న నిశ్చితమైన నియమమే సంస్థలకును మేలు. అయితే నియమమును వ్రాయుటకు కాగితము చాలును. అమలు జరుపుటకు మనుష్యులు కావలెను. డైరెక్టరేటు జనరలున మంజూరైన 1,063 ఉద్యోగములలో 553 మాత్రమే నిండియున్నట్లు 2025లో పార్లమెంటరీ సంఘము తెలిపినది. సగము కుర్చీలు ఖాళీగా నున్న కచేరీ దేశపు ఆకాశమునకు కావలి కాయునా? 2024 జూన్‌లో ఈ శాఖను చేపట్టిన కింజరాపు రామ్మోహన నాయుడుగారును మన తెలుగువారే. ఈ లోటును పూరించుటకన్న శాఖకు చేయదగిన మేలు మఱొకటి లేదు.

తుదకొక్క మాట. గగన్ మనది, కాని అది సవరించు సంజ్ఞ పరాయిది. మన స్వంత నావిక్ ఉపగ్రహములు మన శ్రీహరికోటనుండియే యెగిరినవి. అయినను 2025 జనవరిలో పంపిన ఎన్.వి.ఎస్.-02 తన కక్ష్యను చేరలేకపోయెను. ఆ లోపమును సరిదిద్ది నావిక్‌ను సంపూర్ణము చేయువఱకు మన స్వావలంబనము సగమే. రెక్కలు మనవైనంత చాలదు, దారి చూపు కన్నులును మనవి కావలెను. అంతవఱకు ఆ దారిని పరీక్షించువాడు స్వతంత్రుడుగాను, నిర్భయుడుగాను ఉండునట్లు చూచుట ప్రభుత్వము విధి. చూడనినాడు నిలదీసి యడుగుట ప్రజల విధి.