గృహవైద్యము: కీళ్లవాతము, రక్తపు గడ్డలు

కీళ్లవాతముతో బాధపడు స్త్రీకి ఒకనాడు ఒక కాలిపిక్క వాచినదనుకొందము. ఇంటివారు మొదట చేయు పని యేమి? వాతము క్రిందికి దిగినదందురు. నువ్వులనూనె వెచ్చచేసి పిక్కను గట్టిగా మర్దించి, ఉప్పుమూటతో కాపడము పెట్టుదురు. ప్రేమతో చేయు ఈ ఉపచారమే ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి తెచ్చును. ఏలయన, ఆ వాపునకు కారణము కాలి లోతు సిరలో గడ్డకట్టిన రక్తమైనచో, మర్దనవలన ఆ గడ్డ తునిగి, ప్రవాహముతో గుండెకు బోయి, అచ్చటినుండి ఊపిరితిత్తుల నాళములలో చిక్కుకొనవచ్చును. ఈ నెల ఈ సంగతినిగూర్చియే మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా రోగమేదో తెలియవలెను. మనము కీళ్లనొప్పి యన్నదానినెల్ల కీళ్లవాతమందుము. వయసు మీరినవారి మోకాళ్లు అరిగి నొచ్చుట వేఱు. మేము చెప్పుచున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను వ్యాధి. ఈ పేరును 1859లో లండను వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ బేరింగ్ గారడ్ పెట్టెను. దేహమును కాపాడవలసిన రక్షణశక్తి తన కీళ్లపైననే తిరుగబడుట దీని స్వభావము. ఉదయము లేవగానే చేతివ్రేళ్లు బిగిసి చాలసేపు సడలకుండుట, రెండు చేతులును ఒక్కరీతిగా వాచుట దీని గురుతులు. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. మాధవకరుడు చెప్పిన ఆమవాతమునకును దీనికిని పోలికలు కలవుగాని, రెండును ఒక్కటియేయని పట్టుపట్టుట తగదు.

కీలు నొచ్చుటకును రక్తము గడ్డకట్టుటకును సంబంధమేమి? గృహిణికి ఇది సులభముగా బోధపడును. పాలు పెరుగగుటకు తోడు పడవలెను, గోరువెచ్చగా నుండవలెను, కదలక నిలువవలెను. రక్తము విషయమునను వైద్యులు జర్మను పండితుడగు రుడాల్ఫ్ విర్కో పేర మూడు కారణములే చెప్పుదురు: రక్తపు నడక మందగించుట, నాళపు గోడ చెడుట, రక్తమునకే గడ్డకట్టు గుణము హెచ్చుట. కీళ్లవాతమున ఈ మూడును కూడివచ్చును. నొప్పిచే స్త్రీ మంచము పట్టును; కీళ్లలోని తాపము నాళముల లోపొరనుగూడ బాధించును; ఆ తాపమునకే కాలేయము ఫైబ్రినోజెన్ అను గడ్డకట్టించు పదార్థమును అధికముగా విడుచును. రక్తపరీక్ష కాగితములో ఇ.ఎస్.ఆర్. అను అంకె పెరిగినదని మీరు వినియుందురు. ఆ అంకె పెరుగుటకు ముఖ్యకారణము ఈ ఫైబ్రినోజెనే.

ఈ వ్యాధిలేనివారితో పోల్చిన, ఉన్నవారికి సిరలలో గడ్డ ఏర్పడు అవకాశము సుమారు రెండు రెట్లు. ఇది విని గుండె చెదరనక్కఱలేదు; వ్యాధి కలవారిలో ఎక్కువమందికి ఈ ఆపద రానేరాదు. అయితే స్త్రీ జీవితములో కొన్ని వేళలు ఈ ప్రమాదమును పెంచును. వానినే గమనింపవలెను.

అందు మొదటిది కాన్పు. గర్భముతోనున్నపుడు కీళ్లవాతము పెక్కుమందిలో శాంతించును. అమెరికాలోని మేయో వైద్యశాలయందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు ఈ వింతను గమనించి, దాని వెంటబడియే కార్టిజోను మందువరకు పోయెను. 1950లో ఆయనకు మఱి యిద్దఱితోబాటు నోబెలు బహుమానము లభించినది. కాని ప్రసవమైన కొలది వారములకు రోగము మరల తలయెత్తుట సాధారణము. గడ్డల భయము మిక్కుటముగానుండునదియు ఆ ఆఱు వారములే. అప్పుడే మన యిండ్లలో బాలింతను మంచము దిగనీయక, నీరు త్రాగిన పొట్ట పెరుగునని గ్రుక్కెడు నీటితో సరిపెట్టుదురు. బాలింతకు విశ్రాంతి నిచ్చు ఆచారము మంచిదే; నీరు మాన్పించుట మాత్రము మంచిది కాదు. దాహము తీఱ నీరిచ్చి, గదిలోనైన నాలుగడుగులు నడిపింపవలెను. కొందఱికి వైద్యులు హెపారిను సూదులు కొన్నాళ్లు వేయుదురు. పాలిచ్చు తల్లికి అవి ప్రమాదకరములు కావు.

రెండవది, పదేపదే గర్భము పోవుట. కీళ్లవాతమువంటి వ్యాధులున్న కొందఱి రక్తములో గడ్డలను కలిగించు ఒక విధమైన ప్రతిరక్షకములు ఉండును. వీనివలన కలుగు వ్యాధిని 1983లో లండనులో గ్రాహం హ్యూస్ వర్ణించెను. మాయలో ప్రసరణ చెడి గర్భము నిలువదు. ఇట్టి కోడలిని గొడ్డుమోతుదని, నష్టజాతకురాలని ఆడిపోసికొను నోళ్లు ఇంకను మూతపడలేదు! పరీక్ష చేసి, పండ్రెండు వారముల తరువాత మరల చేసి రూఢిపఱచుకొన్నచో, తక్కువ మోతాదు ఆస్పిరిను, హెపారినులతో పెక్కుమంది బిడ్డలను చేతికెత్తుకొనుచున్నారు.

మూడవది మాత్రల సంగతి. పెండ్లియో, వ్రతమో, తిరుపతి ప్రయాణమో వచ్చెనన్న బహిష్టును వాయిదావేయుటకు మందులషాపులో నోరెథిస్టిరోన్ మాత్రలు కొని మ్రింగువారు ఎందఱో. దేహములో దీని కొంతభాగము ఈస్ట్రోజెనుగా మాఱును. ఈస్ట్రోజెనుగల గర్భనిరోధక మాత్రలవలెనే ఇదియు గడ్డల అవకాశమును పెంచవచ్చును. కావున కీళ్లవాతము కలవారు, ముఖ్యముగా మునుపు గడ్డ వచ్చినవారు, వైద్యునడుగక దీనిని ముట్టరాదు. దేవునికి మైల యెక్కడిదను చర్చలోనికి మేము దిగము, ప్రాణమున్నగదా వ్రతము. కీళ్లవాతమునకే వాడు టోఫాసిటినిబ్ వంటి మాత్రలవిషయమునను అమెరికా ఔషధ నియంత్రణశాఖ 2019లోను 2021లోను గడ్డలనుగూర్చి గట్టి హెచ్చరికలు చేసినది. వానిని వాడువారు తమంత తాము మానివేయక, వైద్యునితో మాటాడవలెను.

మన తెలుగువాడు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వెలువడిన మెథోట్రెక్సేటు నేడు ఈ వ్యాధికి ముఖ్యౌషధము. ఇది వారమునకొక్కమాఱు మాత్రమే వేసికొనవలసినది. పొరపాటున దినదినము మ్రింగిన విషమగును. గర్భవతులకు పనికిరాదు. రోగమును అదుపులోనుంచినకొలది తాపము తగ్గి, గడ్డల భయమును తగ్గును.

ఇక పిక్క వాచిన స్త్రీ మాట. మోకాలివెనుక నీటితిత్తి పగిలి ద్రవము పిక్కలోనికి దిగినను ఇట్లే వాచును. కీళ్లవాతమున ఇది కద్దు. గడ్డకు రక్తము పలుచచేయు మందు కావలెను. పగిలిన తిత్తికి ఆ మందే లోపల నెత్తురు కార్పవచ్చును. చూపుతో ఎవ్వరును తేల్చలేరు, అల్ట్రాసౌండు పరీక్ష తేల్చును. హఠాత్తుగా ఆయాసము, ఊపిరి తీసినప్పుడు ఱొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు, మూర్ఛ కనబడినచో గ్యాసని వాముకషాయము కాచుచు కూర్చుండక, ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వార్ఫరిను వాడువారు తోటకూర, గోంగూర మానవలసిన పనిలేదు. ఒకవారము బుట్టెడు, మఱువారము సున్నయుగాక, ఎప్పుడును ఒకే పరిమాణమున తినవలెను. నొప్పిమాత్రలు అడుగక వేసికొనిన రక్తస్రావమగును. గర్భము నిలిచినట్లు తోచిన వెంటనే వైద్యునికి తెలుపవలెను. వార్ఫరిను శిశువునకు హాని, హెపారిను మాయను దాటదు.

కూతురి పురిటికి అమెరికా వెళ్లు తల్లులనుగూర్చి ఒకమాట. నాలుగుగంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణము ఈ వ్యాధి కలవారికి తగదు. నడవాప్రక్క కుర్చీ అడిగి, నడుమనడుమ లేచి నడువుడు, పాదములు ఆడించుడు, నీరు త్రాగుడు. వైద్యుడు బిగుతు మేజోళ్లు వ్రాసియిచ్చినచో, వంకరపోయిన వ్రేళ్లతో వానిని తామే తొడుగుకొనుట కష్టము. బయలుదేఱుటకు ముందే ఇంటివారు తొడిగి, మోకాలియొద్ద మడత పడకుండ చూడవలెను.