బ్యాటు పట్టని చేతులే జట్టును నిలబెడతాయి

(పూర్వ విద్యార్థి, ఎం.ఎ. అర్థశాస్త్రం)

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ, క్రమశిక్షణ, తల్లిదండ్రుల కష్టం గురించి రాయడం మనకు అలవాటు. అవన్నీ రాయదగినవే. నేను మాత్రం ఈసారి క్రికెట్ గురించి రాస్తున్నాను. టీవీలో చూసే క్రికెట్ గురించి కాదు. మా వాడ యువకులు నడుపుకునే క్లబ్బు గురించి, అలాంటివే మీ ఊళ్లలో ఉన్న క్లబ్బుల గురించి. అవి ఎవరి చేతుల మీద నడుస్తున్నాయి, ఇంకో పదేళ్లు బతుకుతాయా అన్నదే నా ప్రశ్న.

హాస్టల్ పత్రికలో ఈ సంగతి ఎందుకు అనుకోవచ్చు. ఊళ్లో క్లబ్బుకు లెక్కలు రాసేవాడు కావలసి వస్తే "హాస్టల్ల చదివిన పిల్లగాడున్నడు కదా, ఆయనకు చెప్పుండ్రి" అంటారు. అంటే ఆడినా ఆడకపోయినా ఆ పుస్తకం చివరికి మన చేతికే వస్తుంది. కాబట్టి ఇది మన సంగతే.

చెరువు చెప్పే సీజన్

వరంగల్ వైపు మా ఊళ్లో క్రికెట్ సీజన్ చెరువును బట్టి మొదలవుతుంది. వానాకాలం పంట కోతలైపోయి, సంక్రాంతి సెలవులు వచ్చేసరికి నీళ్లు వెనక్కి పోయి శిఖం భూమి బయటపడుతుంది. ఆ మట్టి ఎండితే పగుళ్లిస్తుంది. పగుళ్లు పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ముగ్గుతో గీతలు గీస్తే అదే మా పిచ్. అక్కడి నుంచి మృగశిర కార్తె దాకా ఆట. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి పేరు మీద జరిగే టోర్నమెంటు.

ఫైనల్ రోజు ఫొటోలో పదకొండు మంది, ఒక కప్పు, పక్కన ముఖ్య అతిథి కనబడతారు. పగుళ్లు పూడ్చినవాళ్లు కనబడరు. పొద్దున ఐదు గంటలకు బిందెలతో నీళ్లు మోసినవాళ్లు, ఎండలో గొడుగు కింద కూర్చొని స్కోరు రాసిన తమ్ముడు, ఇంటింటికీ తిరిగి చందా అడిగినవాళ్లు, ఓడిన జట్టు గొడవకు దిగితే మధ్యలో నిలబడిన పెద్దమనిషి, వీళ్లెవరూ ఆ ఫొటోలో ఉండరు. టోర్నమెంటు జరిగేది మాత్రం వీళ్ల వల్లే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. వాడలో స్వచ్ఛంద సేవ అంటే ఊరికే వచ్చేది కాదు. ఒక రోజంతా గ్రౌండులో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఉద్యోగం ఉన్నవాడి ఆదివారం వేరు, రోజుకూలీ ఆదివారం వేరు. అందుకే నలుగురే ఏళ్ల తరబడి ఈ పని మోస్తే ఏదో ఒక ఏడాది ఆ నలుగురూ అలసిపోతారు. పెళ్లవుతుంది, హైదరాబాదుకు పనికి పోతారు, క్లబ్బు ఆగిపోతుంది. ఆటగాళ్లు లేక మూతపడ్డ క్లబ్బును నేనింతవరకు చూడలేదు. పనిచేసేవాళ్లు లేక మూతపడ్డవి మా మండలంలోనే రెండు చూశాను.

పిచ్ చదును చేసిన బాలూ

పిచ్ చేసే పనిని చిన్నగా చూసేవాళ్లు పల్వంకర్ బాలూ చరిత్ర తెలుసుకోవాలి. 1876లో పుట్టిన బాలూ చర్మకార కుటుంబం నుంచి వచ్చినవాడు. పుణెలో ఇంగ్లీషు దొరల క్లబ్బులో పిచ్ చదును చేయడం, గీతలు గీయడం, నెట్లు కట్టడం ఆయన పని. జీతం నెలకు నాలుగు రూపాయలు. దొరలు బ్యాటింగ్ సాధన చేస్తుంటే వాళ్లకు బంతులు వేసి వేసి గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో ఆడి 114 వికెట్లు తీశాడు. కానీ పుణెలో ఆయనకు టీ మిగతా ఆటగాళ్లతో కలిపి ఇవ్వలేదు, బయట మట్టి ముంతలో ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది.

బౌలింగ్ చేయడానికి బాలూ కావలసి వచ్చాడు, అధికారం ఇవ్వడానికి మాత్రం వద్దయ్యాడు. మనవాళ్లను ఆడనివ్వడం ఒకటి, నడపనివ్వడం ఇంకొకటి. ఊరి జట్టులో వాడ పిల్లలకు బౌలింగ్ దొరుకుతుంది, ఫీల్డింగ్ దొరుకుతుంది. పైసల పుస్తకం దొరకడం అరుదు. మా వాడకు సొంత క్లబ్బు ఉండటం అందుకే ముఖ్యం అంటాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ని నేను. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ రశీదు పుస్తకం పట్టుకోలేదు, సమావేశం పెట్టి తీర్మానం రాయలేదు. అవి నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు, క్లబ్బులో. నలుగురి ముందు లెక్క చెప్పడం, అడిగినవాడికి జవాబివ్వడం పరీక్షకు తక్కువ చదువేమీ కాదు.

ప్రైజు మనీ అనే ఉరి

ఇప్పుడు డబ్బు సంగతి. మామూలు టోర్నమెంటు ఒకటి తీసుకుందాం. 16 జట్లు, ఎంట్రీ ఫీజు వెయ్యి. వచ్చేది 16,000. మొదటి బహుమతి 10,000, రెండోది 5,000. మిగిలేది 1,000. నాకౌట్ పద్ధతిలో 15 మ్యాచ్‌లు. ఇన్నింగ్స్‌కు ఒక కొత్త బంతి చొప్పున 30 బంతులు. ఒకటి 70 రూపాయలనుకున్నా బంతులకే 2,100. అప్పుడే లోటు. ఇంకా మైకు, టెంటు, మంచినీళ్లు, కప్పులు ఉన్నాయి.

ఈ లోటు పూడ్చడానికే నాయకుడి దగ్గరికి పోతాం. ఆయన ఇస్తాడు. ఊరికే ఇవ్వడు. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో అంబేద్కర్ ఫొటో కన్నా పెద్దదవుతుంది. ఫైనల్ ఆయన వచ్చేదాకా ఆగుతుంది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల ముందు చాలా ఊళ్లలో కిట్లు, జెర్సీలు పంచారు. ఎన్నికలప్పుడు వచ్చిన కిట్టుకు ఆ తర్వాత బంతులెవరు కొనాలి? ఇచ్చినవాడు ఓడితే మన వైపు చూడడు, గెలిస్తే తీరిక ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రైజు మనీ తగ్గించాలి. మొదటి బహుమతి 6,000, రెండోది 3,000 పెడితే 7,000 మిగులుతుంది. బంతులకు 2,100, మైకు, టెంటు, నీళ్లకు 3,000 పోయినా 1,900 ఉంటుంది. దాంతో వచ్చే ఏడాదికి ప్యాడ్లు, గ్లవుసులు కొనవచ్చు. "బహుమతి తక్కువైతే జట్లు రావు" అని మా క్లబ్బులోనే కొందరు అంటారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. పైసల కోసం కిరాయి ఆటగాళ్లను తెచ్చే జట్లు రావు. పక్క ఊరి పిల్లలు వస్తారు. మన టోర్నమెంటు వాళ్ల కోసమే కదా?

రెండో మార్పు, నాకౌట్ మానాలి. 16 జట్లలో 8 జట్లు మొదటి మ్యాచ్‌తోనే ఇంటికి పోతాయి. ఏడాదంతా ఎదురుచూసిన పిల్లవాడికి దొరికేది ఎనిమిది ఓవర్లు. నాలుగేసి జట్లతో నాలుగు గ్రూపులు చేస్తే 24 లీగు మ్యాచ్‌లు, రెండు సెమీస్, ఒక ఫైనల్, మొత్తం 27. ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు. రోజుకు ఏడు చొప్పున నాలుగు ఆదివారాల్లో అయిపోతుంది. బంతులు ఎక్కువ కావాలి, నిజమే. లీగులో మ్యాచ్‌కు ఒకే కొత్త బంతి ఇచ్చి, సెమీస్, ఫైనల్‌కు రెండేసి ఇస్తే మళ్లీ 30 బంతులే.

మూడోది, బ్యాటింగ్ జట్టు వాళ్లే అంపైరుగా నిలబడే అలవాటు పోవాలి. సగం గొడవలు అక్కడే పుడుతున్నాయి. ఆ రోజు ఆట లేని మూడో జట్టు నుంచి ఇద్దరు అంపైర్లు రావాలని ఎంట్రీ ఫారంలోనే రాసుకుంటే ఖర్చు లేకుండా పనవుతుంది. ఇక గ్రౌండులో పందేలు కాసేవాళ్లను మొదటి రోజే బయటికి పంపాలి. ఫోన్లలో ఆడే ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన పందెం పోలేదు. మైకులో దాన్ని ఖండించే ధైర్యం నిర్వాహకులకు ఉండాలి.

చెరువు నిండింది, గ్రౌండు పోయింది

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఇప్పుడు మా చెరువులో ఎండాకాలంలోనూ నీళ్లు నిలుస్తున్నాయి. ఇది రైతుకు మేలు, చేపలు పట్టేవాళ్లకు మేలు, కూలికి పోయే మా ఇళ్లకూ మేలే. కాబట్టి చెరువు మీద ఫిర్యాదు లేదు. కానీ గ్రౌండు పోయిన మాట నిజం.

2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. వాలీబాల్‌కు, ఖోఖోకు అవి పనికొస్తాయి. క్రికెట్‌కు 60 మీటర్ల బౌండరీ పెట్టాలంటే దాదాపు 2.8 ఎకరాలు కావాలి. 40 మీటర్లకు తగ్గిస్తే ఎకరంపావు సరిపోతుంది. అందుకే మనమే ఆట మార్చుకోవాలి. జట్టుకు ఎనిమిది మంది, చిన్న బౌండరీ, గోడ దాటితే ఔట్. ముంబైలో కాంగా లీగును 1948 నుంచి వానాకాలంలోనే ఆడుతున్నారు. తడి పిచ్ మీద ఆడటమే అక్కడి ప్రత్యేకత. పరిస్థితిని బట్టి ఆటను మలుచుకోవడం తప్పేమీ కాదు. లేదంటే హైస్కూలు గ్రౌండు ఉంది. నోటిమాటగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఆదివారాలు మాత్రమే ఆడతామని, సాయంత్రం శుభ్రం చేసి పోతామని, ఏదైనా పగిలితే క్లబ్బుదే బాధ్యతని కాగితం మీద రాసి, ఇద్దరు పెద్దల సంతకాలతో హెడ్మాస్టరు గారికి ఇస్తే ఆలోచిస్తారు.

చెల్లెళ్ల సంగతి ఏమిటి?

మన క్లబ్బుల్లో ఆడపిల్లలు నీళ్లు తేవడానికి, ముగ్గు వేయడానికి మాత్రమే ఉన్నారు. భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టింది. ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీచరణి అదే ఏడాది నవంబరులో ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. వీళ్ల విజయానికి చప్పట్లు కొట్టి, మన చెల్లెలు బ్యాటు పట్టుకుంటే నవ్వడం ఏం న్యాయం? బాలికల హాస్టల్‌తో మాట్లాడి ఏడాదికి ఒక్క మ్యాచ్ అయినా పెడదాం. స్కోరు రాయడం, కామెంటరీ చెప్పడం ఈ ఏడాది నుంచే వాళ్లు చేయవచ్చు.

అలాగని ఆశలు అమ్మొద్దు. హైదరాబాదు ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ టెన్నిస్ బంతితో మొదలుపెట్టి 2020లో టెస్టు ఆటగాడయ్యాడు. అది మనకు గర్వం. కానీ ఆయన్ను చూపించి ప్రతి తమ్ముడికీ ఐపీఎల్ ఆశ పెట్టడం అన్యాయం. పదో తరగతి తమ్ముళ్లను జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా ఏ జట్టూ పిలవకూడదని క్లబ్బే నిబంధన పెట్టుకోవాలి. అప్పుడు "ఆట వల్ల చదువు పాడైంది" అనే మాటకు చోటుండదు.

హాస్టల్ నుంచి మొదలుపెడదాం

మన హాస్టల్ జట్టుకూ ఇదే జబ్బు ఉంది. ప్రతి ఏడాదీ పదో తరగతి వాళ్లు వెళ్లిపోతారు. బ్యాటు ఎక్కడుందో తెలిసినవాడు వెళ్లిపోతాడు, జూన్‌లో మళ్లీ చందాలు మొదలవుతాయి. దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నది. ప్రతి పనికీ ఇద్దరుండాలి. పదో తరగతి అన్న చేస్తుంటే ఎనిమిదో తరగతి తమ్ముడు పక్కనుండి నేర్చుకోవాలి. స్కోరు పుస్తకం, కిట్టు రిజిస్టరు, డబ్బు లెక్క, గ్రౌండు పని, నాలుగు పనులకు ఎనిమిది మంది. నెలకోసారి డబ్బు లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. వార్షికోత్సవం రోజు కప్పు ఇచ్చినట్టే ఆ ఎనిమిది మందినీ వేదిక మీదికి పిలవాలి.

అన్నలకు ఒక విన్నపం. మీరు ఫోన్‌పేలో పంపే ఐదు వందలు మాకు ఆసరా, కాదనను. కానీ ఏడాదికి రెండు ఆదివారాలు వచ్చి అంపైరుగా నిలబడండి, లెక్కలు చూడండి, తమ్ముడికి దరఖాస్తు రాయడం నేర్పండి. డబ్బు అయిపోతుంది, నేర్పిన పని మిగులుతుంది.

తమ్ముళ్లూ, వచ్చే సీజన్‌లో జట్టులో చోటు దొరకకపోతే అలిగి రూంలో కూర్చోకండి. స్కోరు పుస్తకం తీసుకోండి. ఆ పుస్తకం పట్టినవాడే రేపు సంఘం నడుపుతాడు. ఈ నెలలోనే ఒక సాయంత్రం వార్డెన్ సార్ అనుమతి తీసుకొని కూర్చుందాం. ఎనిమిది పేర్లు రాసుకుందాం.