రాయికి నెంబరేశారు, మనిషిని లెక్కలోంచి తీసేశారు

అలంపురం పోయినవాళ్లు జోగులాంబకు దండం పెట్టుకుంటారు, నవబ్రహ్మ గుళ్లు చూస్తారు, చాళుక్యుల శిల్పకళను మెచ్చుకుని వస్తారు. మేమూ పోయాం, చూశాం. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి గుళ్లవి. శిల్పం గొప్పదే. ఆ రాళ్లు చెక్కిన చేతులు ఇంకా గొప్పవి. మేం అడిగేది వేరే సంగతి.

అక్కడున్న సంగమేశ్వరాలయం అసలు అలంపురానిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిది. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునుగుతుందని గుడిని విప్పి, రాయి రాయికీ నెంబరేసి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అట్లాగే తరలించారు. అలంపురం గుళ్లలోకి నీళ్లు రాకుండా కట్ట కట్టారు. మంచిదే. చరిత్రను కాపాడొద్దని ఎవరంటారు?

మరి అదే నీళ్లలో మునిగిన మనుషుల సంగతేమిటి? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 100 ఊళ్లు మునిగినయ్. లక్షకు పైగా జనం చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. 1981లో వాళ్లను లేపిన పనికి సర్కారు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ డిమోలిషన్'. గుడిని రాయి చెదరకుండా విప్పిన సర్కారే గుడిసెను కూలగొట్టింది!

భూమి ఉన్నోళ్లకు చాలీచాలని పరిహారమన్నా వచ్చింది. 1894 నాటి తెల్లదొరల చట్టం పట్టాను చూసిందిగానీ పనిచేసే చేతుల్ని చూడలేదు. తరతరాలుగా పరాయి పొలాల్లో కూలికీ, జీతానికీ బతికిన మాల మాదిగలకు పట్టా ఎక్కడిది? వాళ్ల కూలి పోయింది, వాడ పోయింది, తాతముత్తాతల్ని మట్టిచేసిన తావు పోయింది. ఇవేవీ నష్టం కింద రాసుకోలేదు. భూమిలేని కూలీ కూడా నిర్వాసితుడేనని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. 1986లో జీవో 98 ఇంటికొక ఉద్యోగమన్నది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ ముసలోళ్లయినవాళ్లున్నారు.

ఒకప్పుడు మనల్ని గుడి గడప తొక్కనివ్వలేదు. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు బాబాసాహెబ్ సత్యాగ్రహం నడిపింది దేవుడి మీద మోజుతో కాదు, మనిషిగా సమాన హక్కు కోసం. ఇవాళ చట్టం గుడి తలుపు తెరిచింది. తెరిచిన తలుపులోంచి పోయి తీర్థం పుచ్చుకుని రావడమేనా మన పని? ఆ గడప మీద నిలబడి లెక్క అడగొద్దా?

మునిగిన ప్రతి ఊరి పేరూ, ఆ ఊరి వాడల పేర్లతో సహా, సంగమేశ్వరాలయం ముందు రాయి మీద చెక్కించాలి. భూమిలేని కుటుంబాల జాబితా తయారుచేసి బయటపెట్టాలి. జీవో 98 బాకీ తీర్చాలి. ఇవి మా డిమాండ్లు.

పుష్కరాలకూ, శివరాత్రికీ అలంపురం పోయే అన్నలారా, అక్కలారా! దండం పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం. సంగమేశ్వరాలయం ముందు మాత్రం ఆగండి. ఈ గుడి ఇక్కడికొచ్చింది, గుడి చుట్టూ బతికిన జనం ఎక్కడికి పోయారని గట్టిగా అడగండి. రాళ్లను లెక్కపెట్టిన సర్కారుకు మనుషుల్ని లెక్కపెట్టడం మనమే నేర్పాలి.

జై భీమ్!