పద్యం మనది కాదా?



కిందటి ఏడాది కోరుకొండలో మా బంధువుల అమ్మాయి, ఇంటర్మీడియట్ విద్యార్థిని, కళాశాలలో పద్యపఠన పోటీకి పేరు ఇచ్చి, మరునాడే వెనక్కి తీసుకున్నది. కారణమడిగితే “పద్యం మనది కాదు కదా, మామూ” అన్నది. ఎవరూ ఆమెను అడ్డగించలేదు. తనంతట తానే అలా తలచినది. నన్ను బాధించినది అదే.

కోరుకొండకు పిఠాపురం ఎంతో దూరం కాదు. అక్కడ 1885లో జన్మించిన ఉమర్ ఆలీషా కవి పేరు ఆ అమ్మాయి విననే లేదు. దోషం ఆమెది కాదు, చెప్పని పెద్దలది.

ఆయన రచనల వైవిధ్యం ఆశ్చర్యం గొలుపుతుంది. ‘ఖండకావ్యములు’, ‘బర్హిణీదేవి’ వంటి పద్యకృతులు ఒకవైపు. ‘మణిమాల’, ‘చంద్రగుప్త’, ‘అనసూయాదేవి’ వంటి నాటకాలు మరొకవైపు. ‘పద్మావతి’, ‘శాంత’ నవలలు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి జీవితచరిత్రనూ తెలుగులో రచించారు. పారశీకం నేర్చిన ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలుగా మలిచారు. ఖయ్యాం అనగానే మధుపాత్రయే గుర్తుకు వచ్చేవారికి, ఆ నీషాపూరు పండితుడు బీజగణితంలో ప్రజ్ఞాశాలి అనీ, 1079 నాటి జలాలీ పంచాంగ సంస్కరణలో పాల్గొన్నాడనీ మన పిల్లలు చెప్పగలగాలి. స్త్రీల దుస్థితి, కులభేదాలు ఆలీషా కలాన్ని కదిలించిన విషయాలు. 1935 నుంచి 1945లో మరణించే వరకు ఆయన కేంద్ర శాసనసభ సభ్యులు కూడా.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆయన పిఠాపురంలోని ఆధ్యాత్మిక పీఠానికి ఆరవ అధిపతి. ‘సూఫీ వేదాంత దర్శము’ రాసినవారు. సూఫీ మార్గాన్నీ వేదాంతాన్నీ ఒకచోట చేర్చే ఆ ధోరణిని తౌహీద్ దృష్టితో అంగీకరించలేని పాఠకులు మనలో ఎందరో ఉన్నారు. నేనూ వారిలో ఒకడను. అయినంతమాత్రాన ఆయన పుస్తకాలన్నిటినీ పక్కన పెట్టవలసినదేనా? విశ్వాస విషయంలో విభేదించిన చోట విభేదించవచ్చు; భాషకు చేసిన సేవను సేవగా గుర్తించవచ్చు. ఎవరిపైనైనా అయిష్టం మనలను న్యాయం తప్పించరాదని దివ్యఖుర్ఆన్ అల్‌మాయిదా సూరాలో హెచ్చరిస్తున్నది. పుస్తకాన్ని తూచేటప్పుడు కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు ఇబ్రాహీం సూరా తెలుపుతున్నది. కవి హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మస్జిదె నబవీలో మింబరు వేయించినట్లు హదీసులు చెబుతున్నాయి. అటువంటి వారసత్వం గల మనం, వీధిలో మాట్లాడే తెలుగును, ఇంట్లో లెక్కలు రాసుకునే తెలుగును, పద్యం దగ్గరకు వచ్చేసరికి పరాయిది అనుకోవడం ఏమిటి? ఉర్దూ మన ఇంటి మాధుర్యం, దానిని కాపాడుకుందాం. దానికోసం తెలుగును వదులుకోనవసరం లేదు.

ఆ అమ్మాయికి ఆలీషా పద్యాలు కొన్ని రాసి ఇచ్చాను. మొదట పదాలు నోరు తిరగలేదు. వారం తరువాత ఇషా నమాజు ముగించి అరుగుమీద కూర్చున్నప్పుడు ఒక పద్యం తడబడకుండా చదివి వినిపించినది. వాళ్ళ నానీ, తెలుగు అక్షరం ఎరుగని మనిషి, మరొకసారి చదవమన్నది. ఈ ఏడాది పోటీకి పేరు ఇస్తుందో లేదో నేను అడగలేదు.

మీ ఇళ్ళలోని పాత పెట్టెలు, అటకలు ఒకసారి వెతకండి. తాతల నాటి తెలుగు పుస్తకం ఏది దొరికినా దుమ్ము దులిపి పిల్లల చేతికివ్వండి. ఇంట్లో లేకుంటే రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉన్నది. ఒక సెలవునాడు వారిని అక్కడికి తీసుకువెళ్ళండి.