హేడీస్‌కు పిల్లనిచ్చిన వారు

గ్రీకు పురాణాల మీద అల్లిన సరదా ప్రేమనవలలు ఈ కొద్ది యేళ్లలో ఇంగ్లీషులో కుప్పతెప్పలుగా వచ్చాయి. వీటిని విమర్శించేవారు సాధారణంగా రెండు నేరాలు మోపుతారు: ఇవి తేలిక రచనలనీ, ప్రాచీన గాథలను పాడుచేశాయనీ. ఈ రెండూ నేను ఒప్పుకోను. పురాణం ఎవరి సొత్తూ కాదు. గ్రీకులే దాన్ని వూరికో తీరుగా చెప్పుకున్నారు. ఇక తేలికదనమంటారా, పగలంతా పనిచేసి అలసిన మనిషి నవ్వుకోవడానికి పుస్తకం తీస్తే తప్పుపట్టే హక్కు ఏ విమర్శకుడికీ లేదు. ఆ నవ్వు కోసం ఎవరి నోరు నొక్కారన్నదే నా ప్రశ్న.

ఈ నవలల్లో బాగా గిరాకీ వున్న జంట హేడీస్, పెర్సెఫొనీలు. రేచెల్ స్మైత్ 2018 నుంచి 2024 దాకా సాగించిన బొమ్మల నవల ‘లోర్ ఒలింపస్’లో పాతాళం ఒక కంపెనీ, హేడీస్ దాని యజమాని. స్కార్లెట్ సెయింట్ క్లెయిర్ రాసిన ‘ఎ టచ్ ఆఫ్ డార్క్‌నెస్’ (2019)లో అతనికి నైట్‌క్లబ్బు వుంది. ఆమె జర్నలిజం విద్యార్థిని. కేటీ రాబర్ట్ రాసిన ‘నియాన్ గాడ్స్’ (2021)లో అతను స్టిక్స్ నదికి ఆవలి సగం నగరానికి ప్రభువు. పైకి కరకు, లోపల వెన్న, చేతినిండా అధికారం.

ఈ కథను విస్తారంగా చెప్పినవాటిలో పాతది డిమీటర్ స్తోత్రం. హోమర్ పేర చెలామణీ అయ్యే స్తోత్రాల్లో ఒకటి, సుమారు క్రీ.పూ. 7-6 శతాబ్దాల నాటిది. అందులో పూలు కోసుకుంటున్న పిల్లను హేడీస్ రథమెక్కించి ఎత్తుకుపోతాడు. ఆమె కేకలు వేస్తుంది. తండ్రి జ్యూస్ ఆ పెళ్లికి ముందే సమ్మతించి వున్నాడు. పిల్లనూ అడగలేదు, తల్లినీ అడగలేదు. తొమ్మిది రోజులు తిండీ స్నానమూ లేకుండా దివిటీలు పట్టుకు తిరిగిన డిమీటర్‌కు సూర్యుడు హీలియోస్ జరిగింది చెప్పి, ఆ వెంటనే ఓదార్పుకు దిగుతాడు. వరుడు సామాన్యుడా? జ్యూస్‌కు తోడబుట్టినవాడు, లోకంలో మూడోవంతుకు ఏలిక, అల్లుడుగా తీసిపారేయదగ్గవాడు కాదట! అచ్చంగా పెళ్లిళ్ల పేరయ్య మాట. అక్కడ పిల్ల ఏడుస్తూంటే ఇక్కడ సంబంధం గొప్పతనం వర్ణిస్తున్నాడు.

డిమీటర్ ఆ మాట చెవిన పెట్టలేదు. ముసలిదాని వేషంలో ఎల్యూసిస్ చేరి, నీళ్లకు వచ్చిన ఆడపిల్లలను పని అడిగి, కెలియోస్ ఇంట్లో పసివాడికి దాదిగా కుదిరింది. ఆ తర్వాత భూమిలో గింజ మొలవనివ్వలేదు. మనుషులు ఆకలికి నశిస్తే తమకు బలులు అర్పించేవారుండరని దేవతలకు అప్పుడు తెలిసివచ్చింది. జ్యూస్ దేవతలను ఒక్కొక్కరినే రాయబారం పంపాడు, ఆమె కదల్లేదు. (ఆ కరవులో మాడింది మనుషులేనన్నదీ మరవకూడదు.) దీనికి నాకు తెలిసిన పేరు సమ్మె. కూతురు యేడాదిలో రెండువంతుల కాలం తిరిగి దక్కింది దీనివల్లనే గాని హేడీస్ మంచితనం వల్ల కాదు. దానిమ్మ గింజ తనచేత బలవంతాన తినిపించాడని పెర్సెఫొనీయే తల్లికి చెబుతుంది.

ఈ తల్లిని కొత్త నవలలు ఏం చేశాయో చూడండి. సెయింట్ క్లెయిర్ చేతిలో ఆమె కూతుర్ని అద్దాల తోటలో బంధించి పెంచిన గయ్యాళి. ‘నియాన్ గాడ్స్’లో మరీ దారుణం: కూతుర్ని అడగకుండా జ్యూస్‌తో పెళ్లి ఖాయంచేసేది డిమీటరే! తండ్రి చేసిన బేరం తల్లి నెత్తికి చుట్టుకుంది. ‘లోర్ ఒలింపస్’లో పిల్లను తాగించి హేడీస్ కారు వెనకసీట్లో పడుకోబెట్టేది ఈరోస్, హేడీస్ ఏ పాపం యెరుగడు. అత్యాచారం గురించి ఆ రచన గంభీరంగానే మాట్లాడుతుంది, కాదనను. కాని ఆ నేరం అపోలోది. ఎత్తుకుపోయినవాడు మాత్రం కడిగిన ముత్యం.

‘పాత కథలో పెర్సెఫొనీకి నోరు లేదు, మేమిచ్చాం’ అంటారు వీరి సమర్థకులు. ఆమె కేకనూ, తల్లితో చెప్పుకున్న మాటనూ ఏ పద్దులో రాశారో! ఇష్టపడే స్వేచ్ఛ ఇచ్చామంటారు. ఇష్టపడవలసిన మొగుణ్ణి మాత్రం మొదటి పేజీకి ముందే నిర్ణయించి పెట్టారు. హీలియోస్ తల్లితో అన్నమాటే మూడువందల పేజీలకు సాగదీసి, ఈసారి పిల్లచేత అనిపించారు.

సరదాగా రాయాలంటే ఇలా రాయక తప్పదా? ఆ స్తోత్రంలోనే నవ్వు వుంది. దుఃఖంతో మాటాపలుకూ లేక కూర్చున్న డిమీటర్‌కు ఐయాంబె పీట వేసి, వేళాకోళాలాడి నవ్విస్తుంది. ఆ నవ్వుకోసం కూతురు పోయిన సంగతి దాచవలసిన అవసరం కలగలేదు.

మన కాలంలో మేరీ ఫిలిప్స్ రాసిన ‘గాడ్స్ బిహేవింగ్ బ్యాడ్లీ’ (2007) పై మూడింటికన్నా తేలికైనది. దేవతలు లండన్‌లో పాడుబడ్డ ఇంట్లో కాపురముంటారు. ఆర్టెమిస్ జనం కుక్కలను షికారు తిప్పుతుంది; అఫ్రొడైటీ టెలిఫోనులో సరసాలమ్ముతుంది. ఆ ఇల్లు వూడ్చే ఆలిస్, ఆమెను ప్రేమించిన నీల్ అనే ఇంజనీరు ఇందులో నాయికా నాయకులు. వెక్కిరింతంతా దేవతల మీదే. జ్యూస్ పిడుగుకు ఆలిస్ చచ్చిపోతే, నీల్ ఏంజెల్ స్టేషను దగ్గర భూగర్భరైలు దారిన పాతాళానికి దిగుతాడు. అతనికి కంపెనీ లేదు, క్లబ్బు లేదు.